దాచిన కాగితాలకో పుస్తకం

స్క్రాప్‌బుక్ అంటే ఒక మనిషికో, ఒక ఇంటికో చెందిన కాగితాలనూ ఫొటోలనూ పుస్తకంలో అమర్చి, పక్కన వాటి సంగతి రాసిపెట్టుకోవడం. ఆల్బమ్‌లో బొమ్మలే ఉంటాయి, డైరీలో రాతే ఉంటుంది. స్క్రాప్‌బుక్‌లో ఆ రెండూ కలుస్తాయి, అసలు వస్తువు కూడా వాటి పక్కన చేరుతుంది. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ, తాతయ్య రాసిన ఇన్‌లాండ్ లెటర్, పిల్లవాడి మొదటి ప్రోగ్రెస్ కార్డు, రైలు టికెట్, అమ్మమ్మ చేతిరాతలో ఆవకాయ కొలతలు: తెలుగిళ్లలో ఇవన్నీ ఏ బిస్కెట్ డబ్బాలోనో, రేకు పెట్టె అడుగునో, బీరువాలో చీరల మడతల కిందో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా కొనాల్సినవి తక్కువ. కాగితం గుణం, బంక గుణం తెలిసి, కాస్త చేతిపని వస్తే చాలు.

ఈ అలవాటుకు చాలా చరిత్ర ఉంది. 1769లో జేమ్స్ గ్రేంజర్ అనే ఆయన ఇంగ్లండ్ ప్రముఖుల జీవిత చరిత్రల పుస్తకం అచ్చువేశాడు. దాంతో పాఠకులకు తమ ప్రతుల్లో బొమ్మలూ కత్తిరింపులూ తెచ్చి చేర్చుకోవడం ఒక సరదా అయింది. అదే కాలంలో మేరీ డెలానీ అనే ఇంగ్లిష్ మహిళ 72 ఏళ్ల వయసులో రంగు కాగితాలను కత్తిరించి, నల్లటి కాగితం మీద పువ్వుల రూపాలు అతికించడం మొదలుపెట్టింది. చూపు మందగించేదాకా 985 పువ్వులు చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కో పువ్వుకు వందల ముక్కలు వాడిన ఆ పనితనం చూస్తే, ఈ కళ మొదలుపెట్టడానికి వయసు అడ్డు కాదని ఒప్పుకోవాల్సిందే. రచయిత మార్క్ ట్వేన్‌కు కత్తిరింపులు అతికించుకునే అలవాటు ఉండేది. బంకతో పడే అవస్థ పడలేక, పేజీల మీద ముందే బంక చారలు పూసి, నీటితో తడిపితే అంటుకునే స్క్రాప్‌బుక్‌కు 1873లో పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో యూటా రాష్ట్రపు కుటుంబాలు వంశవృక్షాల మీద చూపే శ్రద్ధ వల్ల 1980ల నుంచి ఇది పెద్ద వ్యాపారంగా మారింది. స్టిక్కర్లు, రంగు కార్డులు, ప్రత్యేకమైన కత్తెరలు వచ్చిపడ్డాయి. అవేవీ లేకుండానే మేరీ డెలానీ పని చేసింది.

ముందుగా కాగితం సంగతి. అన్ని కాగితాలూ ఒకే రకంగా ముసలివి కావు. పాతకాలపు కాగితం గుడ్డపీలికల పీచుతో తయారయ్యేది కాబట్టి శతాబ్దాలు నిలిచింది. 19వ శతాబ్దం మధ్య నుంచి కలప గుజ్జు వాడకం పెరిగింది. కలపలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుగుకు, గాలికి పసుపు రంగులోకి తిరుగుతుంది. సిరా పాకకుండా కాగితానికి పటిక, గుగ్గిలం లాంటివి కలిపే పద్ధతి వల్ల అందులో ఆమ్లం చేరి, ఏళ్లు గడిచేకొద్దీ కాగితం అప్పడంలా విరిగిపోతుంది. ఈ రెండు లోపాలూ దినపత్రిక కాగితంలో బాగా కనిపిస్తాయి. ఎండలో నాలుగు రోజులు పడేసిన పేపరు రంగు మారేది అందుకే. పైగా ఆ ఆమ్లం పక్కనున్న ఫొటోకు, కాగితానికి కూడా పాకుతుంది. పేపర్లో పడిన వార్తనో ర్యాంకుల జాబితానో దాచుకోవాలంటే దాన్ని మంచి తెల్లకాగితం మీద జిరాక్స్ తీయించి, ఆ ప్రతిని అతికించాలి. జిరాక్స్ పొడిలో నల్లదనాన్నిచ్చేది కార్బన్, అది ఒక పట్టాన వెలిసిపోదు. అసలు కత్తిరింపును విడిగా ఒక కవర్లో పెట్టుకోవచ్చు.

అంతకంటే తొందరగా మోసం చేసేది బిల్లుల కాగితం. ఏటీఎం స్లిప్పు, సూపర్‌మార్కెట్ బిల్లు, చాలా బస్సు, సినిమా టికెట్లు వేడికి నల్లబడే పూత ఉన్న కాగితం మీద వస్తాయి. వాటిలో సిరా ఉండదు. ఆ అక్షరాలు వెలుగు తగిలినా, ప్లాస్టిక్ కవర్లో పెట్టినా కొన్ని నెలల్లోనో ఏళ్లలోనో మాయమవుతాయి. భద్రంగా ఉంటుందని వేడి లామినేషన్ చేయిస్తే కాగితం మొత్తం నల్లగా మాడినట్టవుతుంది. ఇలాంటివి చేతికి రాగానే జిరాక్స్ తీయించుకోవడం ఒక్కటే దారి.

కాగితానికి బట్టలాగే పోగు ఉంటుంది. యంత్రం మీద తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువ భాగం ఒకే దిక్కుకు సర్దుకుంటుంది. దినపత్రిక పెద్ద పేజీని నిలువుగా చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరటింకర పోతుంది. పోగు వెంట మడిచిన కాగితం నున్నగా మడతపడుతుంది, అడ్డంగా మడిస్తే మడత పగిలినట్టు ముక్కముక్కలుగా కనిపిస్తుంది. మందపాటి శుభలేఖ అట్టతో గ్రీటింగ్ కార్డు చేసేవాళ్లు ముందుగా అట్టను రెండు దిక్కులా మెల్లగా వంచి చూసి, తేలిగ్గా వంగిన వైపే మడవాలి. మడిచే గీత మీద సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి ఒకసారి గట్టిగా గీస్తే మడత ఇంకా శుభ్రంగా పడుతుంది.

కాగితం మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్కలో చెబుతారు. జిరాక్స్ కాగితం మామూలుగా 70 నుంచి 80 గ్రాములు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు కాబట్టి, 80 గ్రాముల రకం ఒక్కో కాగితం సరిగ్గా 5 గ్రాములు తూగుతుంది. పుస్తకం పేజీలకు ఇది పల్చన. బంక తడికి ముడుచుకుపోతుంది. 150 గ్రాములకు తగ్గని డ్రాయింగ్ కాగితం బాగుంటుంది. ప్యాకెట్ మీద ఆమ్లరహితం అని ఉంటే అదే తీసుకోవాలి. ఈ పనిలో డబ్బు ఖర్చుపెట్టదగిన చోటు ఇదొక్కటే.

పుస్తకాన్ని ఇంట్లోనే కుట్టుకోవచ్చు. ఆరు కాగితాలను మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చి, మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేయాలి. సూదిని లోపలి నుంచి మధ్య రంధ్రంలోకి దూర్చి బయటికి తీసి, పై రంధ్రం గుండా మళ్లీ లోపలికి తేవాలి. లోపలే మధ్యను వదిలి కింది రంధ్రానికి వెళ్లి బయటికి తీసి, చివరికి మధ్య రంధ్రంలోంచి లోపలికి రావాలి. లోపల ఉన్న పొడవాటి దారానికి అటూ ఇటూ రెండు కొసలూ పట్టి ముడి వేస్తే పని పూర్తయినట్టే. నూలుదారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. పాత చీర అంచు అతికించిన అట్టను పైన వేస్తే పుస్తకానికి ఇంటి కళ వస్తుంది.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. నాలుగు పేజీలు అతికించేసరికి పుస్తకం నోరు తెరుచుకుని మూసుకోనంటుంది. కుట్టు దగ్గర మందం అలాగే ఉండి, పేజీల మధ్య మాత్రం ఫొటోలు, అట్టలు చేరి ఉబ్బడమే దీనికి కారణం. పాతకాలపు ఆల్బమ్‌ల పనివాళ్లు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు: పేజీ విడిచి పేజీని కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు అంచు మాత్రం మిగిల్చి కత్తిరించేయడం. మిగిలిన ఆ పీలికలు కుట్టు దగ్గర మందాన్ని పెంచి, అతికించిన వస్తువులకు చోటిస్తాయి. అంగడిలో కొన్న నోటుపుస్తకానికీ ఇదే పని చేయవచ్చు.

ఇక బంక. గాలిపటానికి అన్నం మెతుకులు రాసిన చేతులకు ఈ విద్య కొత్త కాదు. సినిమా పోస్టర్లకు వాడే ఉడికించిన మైదా బంకను హైదరాబాద్ వైపు లై అంటారు. ఒక పాలు మైదాను నాలుగైదు పాళ్ల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే, తెల్లదనం పోయి కాస్త పారదర్శకంగా మారినప్పుడు బంక తయారైనట్టు. పురుగు పట్టకుండా పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, పిల్లలు ముట్టుకునే పనిలో కలపకూడదు. మ్యూజియంలలో కాగితాలు బాగుచేసే నిపుణులు కూడా ఇప్పటికీ గోధుమ గంజి బంకనే నమ్ముతారు. అయితే వాళ్లు పిండిలోని జిగట మాంసకృత్తులను తీసేసి గంజి పదార్థం మాత్రమే వాడతారు. హల్వా కోసం గోధుమ పాలు తీసే ఇళ్లలో ఆ పని తెలిసిందే: పాలు తేరాక అడుగున దిగే తెల్లటి ముద్దే ఆ పదార్థం. దాన్ని ఉడికించి వాడితే బంక గట్టిగా పట్టుకుంటుంది. ఎప్పుడైనా తీయాల్సి వస్తే తడిపి విడదీయవచ్చు. ఈ రెండో గుణమే దానికి అంత విలువ తెచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి, కొంచెం కొంచెం చేసుకోవడం మేలు.

ఫెవికాల్ లాంటి తెల్ల బంక ఎండాక గట్టిగా పట్టుకుంటుంది కాని మళ్లీ ఊడదు. అట్టలకు, డబ్బాలకు, కాగితపు పువ్వులకు అది సరైనది. పాత ఉత్తరాలకూ అసలు ఫొటోలకూ మాత్రం వాడకూడదు. పుల్లతో పల్చగా రాసి, పైన తెల్లకాగితం పరిచి, నాలుగు లావాటి పుస్తకాలు బరువు పెట్టి రాత్రంతా ఉంచితే ముడతలు రావు. గ్లూ స్టిక్‌లో నీరు తక్కువ, అందుకే పల్చటి కాగితానికి అదే మేలు. సెల్లో టేపును ఈ పని దగ్గరికే రానీయకూడదు. కొన్నేళ్లకు దాని జిగురు గోధుమ రంగు మరకై కాగితంలోకి ఇంకుతుంది, టేపు మాత్రం ఊడిపోతుంది. స్టాప్లర్ పిన్నులు, గుండుసూదులు తుప్పుపట్టి మరక చేస్తాయి.

అసలు ఫొటోకు బంకే అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉన్న కాగితం ముక్క తీసుకుని, పొడవైన పై అంచు మధ్యబిందువు శిఖరంగా రెండు పక్కలూ కిందికి మడిస్తే చిన్న త్రికోణపు సంచి వస్తుంది. ఫొటో నాలుగు మూలలకు ఇలాంటివి నాలుగు తొడిగి, వాటి వీపులకు బంక రాసి పేజీకి అతికించాలి. ఫొటోకు బంక తగలదు, కావాల్సినప్పుడు తీసి వెనకవైపు చూడవచ్చు. పేజీ మీదే బంక చారలుండి, పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు చాలా ఇళ్లలోకి వచ్చాయి. వాటిలోంచి ఫొటోలు ఊడదీయడం ఇప్పుడు గండంగా ఉంది. మొండికేసిన ఫొటోను లాగకుండా, దాని కిందికి సన్నని దారం దూర్చి రంపంలా ఆడిస్తూ విడదీయాలి.

శుభలేఖల గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. తెలుగువాళ్ల చేతికి ఉచితంగా వచ్చే కాగితాల్లో ఇంత మంచివి ఇంకేవీ లేవు. గట్టి అట్ట, బంగారు పూత, ఉబ్బెత్తు వినాయకుడు, పట్టుదారం, లోపల పూతరేకులాంటి పల్చటి పొర, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పెళ్లయ్యాక కార్డును పారేయలేక, దాచలేక ఇబ్బంది పడే ఇళ్లే ఎక్కువ. సొంత పెళ్లి కార్డును, పెద్దల పెళ్లి కార్డులను కత్తిరించకుండా పేజీలో జేబు చేసి పెట్టుకోవాలి: కార్డు కవరునే మూడు వైపులా అంచులకు మాత్రం బంక రాసి అతికిస్తే అది జేబవుతుంది. మిగతా కార్డుల నుంచి అంచులు, పతకాలు, వెనకవైపు రంగు అట్ట తీసుకోవచ్చు. ఫొటో కింద రెండు మిల్లీమీటర్లు బయటికి కనబడేలా ఆ రంగు అట్ట వేస్తే ఫ్రేము కట్టినట్టుంటుంది. పసుపు మరక ఎదుటి పేజీకి అంటకుండా మధ్యలో బటర్ పేపర్ వేయాలి. అక్షింతలను మాత్రం పుస్తకంలో పెట్టకూడదు. బియ్యం ఉన్నచోటికి పురుగు వెతుక్కుంటూ వస్తుంది.

పేజీ అలంకరణకు మడత, కత్తిరింపు, చుట్ట, అచ్చు అనే నాలుగు పనులు చాలు. మడతలో తేలికైనది లేచి నిలబడే బొమ్మ. కాగితాన్ని మధ్యకు మడిచి, మడత వైపు నుంచి సమాంతరంగా రెండు గాట్లు పెట్టి, ఆ ముక్కను లోపలికి తోస్తే, పేజీ తెరిచినప్పుడు మెట్టులా లేస్తుంది. దాని ముందు ఒక ఫొటో ప్రతిని అతికిస్తే పుట్టినరోజు పేజీ తయార్. కత్తిరింపు మనకు పందిళ్ల తోరణాల నుంచే తెలుసు: రంగు కాగితాన్ని నాలుగైదు మడతలు పెట్టి, అంచుల్లో చంద్రవంకలు, త్రికోణాలు కోసి విప్పడం. మథుర, బృందావనాల్లో సాంఝీ అనే కళ ఉంది. కాగితంలో సన్నని కత్తెరతో కృష్ణలీలల బొమ్మలు తొలిచి, ఆ రంధ్రాల మీదుగా రంగు పొడి జల్లి నేల మీద ముగ్గులా దించుతారు. అలా తొలిచిన కాగితాన్ని చీకటి రంగు పేజీ మీద పరిస్తే అదే పెద్ద అలంకారం.

చుట్టలతో చేసే పనిని క్విల్లింగ్ అంటారు. యూరప్‌లో సన్యాసినులు పుస్తకాల అంచుల నుంచి వచ్చిన బంగారు పూత పీలికలను చుట్టి దేవుడి పటాలు అలంకరించేవాళ్లని చెబుతారు. మూడు మిల్లీమీటర్ల వెడల్పు పీలికలు కావాలి. పాత క్యాలెండరు వెనకవైపు, రంగు ప్రకటనల కాగితం ఇందుకు బాగా పనికొస్తాయి. చీపురు పుల్ల చివర చిన్న చీలిక చేసి, పీలిక కొసను అందులో ఇరికించి చుట్టాలి. పుల్ల తీసి చుట్టను కాస్త వదులవనిచ్చి, చివర బంక పెట్టాలి. ఒకవైపు నొక్కితే మామిడి పిందె, రెండువైపులా నొక్కితే కన్ను. ఎనిమిది పిందెలు గుండ్రంగా పేరిస్తే పువ్వు. అచ్చులకు వంటింట్లోనే సరుకుంది. అడ్డంగా కోసిన బెండకాయను పోస్టర్ కలర్‌లో అద్ది నొక్కితే అయిదు మూలల నక్షత్రం పడుతుంది. కోసిన బెండకాయను ముందు గుడ్డ మీద కాసేపు ఆరబెట్టాలి, లేకపోతే జిగట వల్ల రంగు పాకుతుంది.

పుస్తకాన్ని దాచే డబ్బా కూడా కాగితంతోనే చేసుకోవచ్చు. పేపరు ముక్కలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, చేటలకూ బుట్టలకూ పూసి ఆరబెట్టే పని మన ఊళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. చేర్యాల మాస్కుల్లో రంపపు పొట్టు, చింతగింజల బంక కలిపిన ముద్ద వాడతారు. కొండపల్లి బొమ్మల ముక్కలను కలిపే మక్కు కూడా ఆ రెండింటితోనే చేస్తారు. కాశ్మీరులో కాగితపు గుజ్జుతో అచ్చు పోసి వస్తువు తీసే పని ఒకరిది, దాని మీద రంగుల చిత్రణ మరొకరిది. ఇంట్లో చేసేవాళ్లు పాత అట్టడబ్బా మీద కాగితపు పీలికలను మైదా బంకతో అయిదారు పొరలు, ఒక పొర నిలువు, ఒక పొర అడ్డంగా అతికించి, ఒక్కో పొర ఆరాక మరొకటి వేస్తే డబ్బా చెక్కలా గట్టిపడుతుంది.

ఆకులు, పువ్వులు చేర్చాలనుకునేవాళ్లకు బోగన్‌విలియా మేలైనది. తెలుగులో దాన్ని కాగితం పువ్వు అనడం ఊరికే కాదు. దాని రేకుల్లో నీరు తక్కువ, పుస్తకం మడతలో వారానికే ఆరిపోతాయి. బంతిపువ్వు మొత్తం పెడితే బూజు పడుతుంది, రేకులు విడదీసి పెట్టాలి. రావి ఆకును నీళ్లలో కొన్ని వారాలు నాననిచ్చి, కుళ్లిన పచ్చని భాగాన్ని మెత్తని బ్రష్‌తో నీళ్లలోనే తోసేస్తే జల్లెడలాంటి ఈనెల వల మిగులుతుంది. పేజీ మీద దానికి మించిన అందం అరుదు.

ఇంత చేసినా రాత లేకపోతే అది బొమ్మల కొలువే తప్ప స్క్రాప్‌బుక్ కాదు. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అనే మూడు విషయాలూ తప్పకుండా ఉండాలి. ఆ తర్వాత ఒక చిన్న సంగతి: ఆ రోజు వాన పడిందా, ఎవరు అలిగారు, భోజనంలో ఏం వడ్డించారు. చేతిరాత చక్కగా లేదని కంప్యూటర్లో టైపు చేయించడం పొరపాటు. ముప్పై ఏళ్ల తర్వాత మనవరాలు ఆ చేతిరాతనే వెతుక్కుంటుంది. బంక తడికి సిరా పాకవచ్చు కాబట్టి, అతికించి, ఆరాక మాత్రమే రాయాలి.

పూర్తయిన పుస్తకానికి శత్రువులు తేమ, ఎండ, పురుగు. కోస్తా ఊళ్లలో వానాకాలం కాగితాలకు కష్టకాలం. గంజి బంకను వెండి రంగు పుస్తకాల పురుగు ఇష్టంగా తింటుంది. పుస్తకాన్ని గోడకు ఆనించకుండా, నేలకు ఎత్తుగా, బీరువా అరలో పడుకోబెట్టి ఉంచాలి. కొత్త చెప్పులు, బ్యాగుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు దగ్గర పెట్టవచ్చు. నెలకొకసారి తీసి, నీడలో పేజీలు తిరగేస్తే పురుగు నిలవదు.

మొదటి పేజీకి రంగు కాగితాల కంటే ముందు కావాల్సిన పని ఒకటి ఉంది. పాత ఫొటోల్లో ఎవరెవరున్నారో చెప్పగల మనిషి ప్రతి ఇంట్లో ఒకరో ఇద్దరో మాత్రమే ఉంటారు. ఈ ఆదివారం ఆ డబ్బా తీసి వాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో ఫొటో వెనక పేర్లు రాసుకోండి. బాల్‌పెన్ వాడకండి, గీతలు ముందువైపు తేలతాయి. మెత్తని పెన్సిల్‌తో, అంచు దగ్గర, తేలిగ్గా రాయండి.